గోడకి పెళ్ళేటి బాబూ?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ప్రొజెక్టర్ పెడతామన్నారు గానీ అది ఇందాకటి నుంచి నీలం తెర ఒక్కటే చూపిస్తోంది. నాకైతే అదీ ఒకందుకు మంచిదే అనిపించింది, ఎందుకంటే నేను ఎందుకైనా మంచిదని మూడు ప్రింట్లు తెచ్చాను, చేతులు మార్చుకుంటూ చూడండి. మొదటిది గంటస్తంభం. రెండోది ఒక అరుగు. మూడోది పెళ్ళి ఊరేగింపు. మూడోదాని సంగతి చివర్లో చెప్తాను, ఈలోగా అందులో పెళ్ళికొడుకు ఎవరా అని వెతక్కండి, ఆయనతో మనకి పని లేదు. అంచులు పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టకండి, మూడూ మళ్ళీ నా చేతికి రావాలి.

నేను ముప్ఫై ఏళ్ళ పైగా ఇదే విజయనగరంలో పెళ్ళి ఫోటోలు తీసినవాణ్ణి. ఈ హాల్లో కొంతమందికి తీశాను, కొంతమంది అమ్మానాన్నలకి తీశాను. (నవ్వులు) అలాంటివాణ్ణి భవనాల ఫోటోల గురించి మాట్లాడమన్నారని చెప్తే ముందు మా ఆవిడే నవ్వింది. నాకా అలవాటు పట్టించింది ఆషాఢమాసం. ఆషాఢం వస్తే మాకు పెళ్ళిళ్ళుండవు, మూఢం వచ్చినా అంతే, అలాగని కెమెరాని బీరువాలో పెడితే వానాకాలం చెమ్మకి లెన్సుకి బూజు పడుతుంది. అందుకని దాన్ని మెడలో వేసుకుని కోట చుట్టూ, అయ్యకోనేరు చుట్టూ, పాత వీధుల్లో తిరిగేవాణ్ణి. ఒకరోజు ఒక పెంకుటింటి గోడ ముందు ట్రైపాడ్ వేసుకుని నిలబడ్డాను. సున్నం పొరలు పొరలుగా లేచిపోయి, లోపల్నుంచి ఎర్ర ఇటుక కనిపిస్తూ, మహా అందంగా ఉంది గోడ. ఆ ఇంటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ఒక ముసలమ్మ నన్ను చూసి చూసి, "ఏటి బాబూ, గోడని ఫోటో తీస్తన్నావు? గోడకి పెళ్ళేటి?" అంది.

నేను ఏదో చెప్పబోయాను, పాత కట్టడాలు, వారసత్వం అని. ఆవిడ అదంతా విని, "నీకడ్డవైతే జరుగుతాను గానీ" అంది. నేను జరగమన్నాను. చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఫ్రేము సర్ది, నిలువు గీతలు చూసుకుని, ఫోటో తీసుకుని ఇంటికొచ్చాను. కంప్యూటర్లో పెట్టి చూసుకుంటే అది ఒట్టి గోడ. మచిలీపట్నం గోడ అన్నా నమ్మొచ్చు, బరంపురం గోడ అన్నా నమ్మొచ్చు. అందులో విజయనగరం ఏదైనా ఉందంటే ఆ అరుగు మీదే ఉంది, దాన్ని నేనే లేపి లోపలికి పంపించేశాను.

ఆ ఒక్క తప్పు గురించే ఇవాళ మాట్లాడతాను. ఊరిని భవనాల్లో చూపించాలంటే ముందు ఆ ఊరు ఎక్కడ కూర్చుంటుందో కనిపెట్టాలి. నడిచేటప్పుడు అన్ని ఊళ్ళూ ఒకేలా ఉంటాయి, హారన్ కొట్టుకుంటూ పోతాయి. కూర్చునేటప్పుడు తేడా తెలుస్తుంది. ఏ గోడకి ఆనుకుంటారు, ఏ మెట్టు మీద చెప్పులు విప్పుతారు, ఏ నీడలో బండి ఆపుతారు, ఇవన్నీ కట్టినవాడు అనుకున్నవి కావు, తరతరాలుగా ఊరు తన వాటం కొద్దీ ఎంచుకున్నవి.

గంటస్తంభం ఫోటో మొదటి వరస దాటినట్టుంది. మనందరం తీసిన గంటస్తంభం ఒకటుంది కదా? రోడ్డు మీద నిలబడి, మెడ వెనక్కి వంచి, వైడ్ లెన్సుతో తీసి, వెనకున్న నీలాకాశాన్ని ఎడిటింగులో ఇంకాస్త నీలం చేసిన ఫోటో. నేనూ తీశాను, క్యాలెండర్‌కి ఇచ్చాను, డబ్బులు కూడా వచ్చాయి, కాబట్టి దాన్ని తిట్టను. కానీ అందులో స్తంభం వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. ఎందుకంటే కెమెరా తల ఎత్తితే చాలు, నిలువు గీతలన్నీ పైకి పోతూ ఒకదానివైపు ఒకటి వాలతాయి. కెమెరా వీపు గోడకి సమాంతరంగా నిలబడి ఉన్నంతసేపే గోడ నిటారుగా ఉంటుంది. దీనికి షిఫ్ట్ లెన్స్ అని ఒకటి ఉంది, కెమెరా వంచకుండా లెన్సునే పైకి జరుపుకోవచ్చు, కాకపోతే దాని ధరకి ఒక స్కూటర్ వస్తుంది. ఫోన్లో ఎడిట్ చేసి గీతలు నిలబెట్టుకోవచ్చు, అప్పుడు అంచులు తెగిపోతాయి, కాబట్టి తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదులుకోండి. నేను చేసేది వీటన్నిటికంటే పాత పని, మేడ ఎక్కడం.

లెక్క చూడండి. స్తంభం ఎనిమిది పలకలది, ఎత్తు 68 అడుగులు. దానికి సగం అంటే 34. కింద కొట్టు, దాని మీద రెండంతస్తులు ఉన్న మేడ డాబా మీద నిలబడితే మన కన్ను సరిగ్గా ఆ ఎత్తుకి వస్తుంది. అప్పుడు కెమెరాని పైకీ కిందకీ వంచక్కర్లేదు, ఎదురుగా పెడితే చాలు, స్తంభం నిఖార్సుగా నిలబడుతుంది. ఇంక డాబా తాళం ఎవరిస్తారంటారా? బట్టల కొట్టులో ఒక లుంగీ కొంటే ఇస్తారు. మా ఇంట్లో ఎనిమిది లుంగీలున్నాయి, ఒక్కోటీ ఒక్కో డాబా. (నవ్వులు)

డాబా ఎక్కాక అసలు లాభం ఇంకోటి ఉంది. అక్కణ్ణుంచి స్తంభం మొదలు కనిపిస్తుంది. గడియారం చూసుకోవడానికి మాత్రమే మనం తల ఎత్తుతాం, అదీ ఫోన్లు లేని రోజుల్లో. ఊరి వ్యవహారమంతా కిందే.

ఇక్కడ ఒక పాత ఫోటో సంగతి చెప్పాలి. 1838లో పారిస్‌లో డాగేర్ అనే ఆయన తన ఇంటి కిటికీలోంచి ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. బళ్ళతో, గుర్రాలతో, జనంతో కిటకిటలాడే వీధి అది. ఫోటోలో చూస్తే వీధి ఖాళీ! అప్పటి ప్లేటు మీద బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది, కదిలేవి ఏవీ పడేవి కావు. మరి ఆ ఖాళీ వీధిలో ఒక మూల ఒక మనిషి మాత్రం ఉన్నాడు, కాలు ఎత్తి పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటూ. కెమెరాకి చిక్కిన తొలి మనుషుల్లో ఒకడు అలా చిక్కాడు, ఒకచోట ఆగాడు కాబట్టి.

నేను దాన్ని గంటస్తంభం దగ్గర చేసి చూశాను. మీరూ చెయ్యొచ్చు. మంచి ఎండలో ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే చురుకు, 100 పెట్టి, ఎపర్చరు, అంటే లెన్సు కన్ను తెరుపు, 16 పెడితే షట్టరు సుమారు సెకనులో వందో వంతు పడుతుంది. ఒక్కో స్టాపు తగ్గితే వెలుగు సగం అవుతుంది. దాని ముందు పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అదే నల్లద్దం, బిగిస్తే వెలుగు వెయ్యో వంతుకి పడిపోతుంది, అంటే షట్టరు పది సెకన్లు తెరిచి ఉంచాలి. సాయంత్రం ఎండ పల్చబడి రెండు స్టాపులు తగ్గిందనుకోండి, నలభై సెకన్లు. ట్రైపాడ్ ఉండాలి, డాబా మీద పక్కనెవరూ గెంతకూడదు. నలభై సెకన్లలో మన బజారులో ఎన్ని ఆటోలు, ఎన్ని బళ్ళు పోతాయో మీకు తెలుసు. అవన్నీ మాయం. మీ చేతుల్లో ఉన్నది ఆ ఫోటోనే. చూడండి, రోడ్డు మీద పల్చటి పొగ తప్ప ఏమీ లేదు, కర్ఫ్యూ పెట్టినట్టుంది. మిగిలింది ఎవరు? గొడుగు కింద నిమ్మకాయలు కుప్పలు పోసుకున్న ఆవిడ. చేతి గడియారాలు బాగుచేసే బల్ల వెనక, కంటికి భూతద్దం తగిలించుకున్నాయన, పైన అంత పెద్ద గడియారం పెట్టుకుని కింద ఈయన, దాని జోలికి ఎప్పుడూ పోయినట్టు లేడు. స్టాండు వేసిన బండి మీద ఒకవైపుకి కూర్చుని ఎవరి కోసమో చూస్తున్న కుర్రాడు. టీ కొట్టు దగ్గర ముగ్గురున్నారు, వాళ్ళని జాగ్రత్తగా చూడండి, కాళ్ళు స్పష్టంగా ఉన్నాయి, తలలు మాత్రం మసక. అంటే నలభై సెకన్లూ వాళ్ళు అడుగు కదపలేదు, మాట ఆపలేదు. నాకు ఇంతకంటే విజయనగరం ఫోటో ఇంకోటి పడలేదు.

ఇలా తీసుకుంటూ పోతే ఊరు ఎక్కడ ఆగుతుందో మ్యాపులాగా తేలుతుంది. ఫోన్లో కూడా వీలవుతుంది, లాంగ్ ఎక్స్‌పోజర్ అని ఉంటుంది, కాకపోతే ఫోనుని దేనికైనా ఆనించి ఉంచాలి.

రెండో ప్రింటు, అరుగు. మన పాత వీధుల్లో ఇల్లు గోడ దగ్గర అయిపోదు. గుమ్మానికి అటొకటి ఇటొకటి అరుగులు, వాటి మీదకి వంగిన చూరు, చూరు కింద కర్ర స్తంభాలు. స్థలం ఇంటివాళ్ళది, వాడకం వీధిది. అడక్కుండా ఎవరైనా కూర్చోవచ్చు. ఎండ పడకుండా, వాన జల్లు కొట్టకుండా చూరుని బాగా కిందకి దించుతారు, ఫోటోకి అదే చిక్కు, వీధి తెల్లగా మండిపోతుంటుంది, అరుగు మీద మనిషి చీకట్లో ఉంటాడు. కెమెరా ఏదో ఒకటే చూస్తుంది. పెళ్ళి ఫోటోలవాడికి వెంటనే ఫ్లాష్ కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. అరుగు మీద ఫ్లాష్ కొడితే ఆ చల్లదనం పోతుంది, అది పోతే ఇంక అరుగెందుకు?

ఆషాఢం మబ్బులు దీనికి మందు. మబ్బు పట్టిన రోజు వీధి వెలుగు తగ్గి, అరుగు నీడ పల్చబడి, రెండూ ఒకదానికొకటి అందుతాయి. జర్మనీలో బెషర్ దంపతులని ఉండేవారు, బెర్న్‌డ్, హిల్లా. వాళ్ళు దశాబ్దాల తరబడి నీళ్ళ ట్యాంకులు, కొలిమి బట్టీలు, ఫ్యాక్టరీ కట్టడాలే తీశారు. ఎప్పుడూ మబ్బు రోజునే, నీడ పడకుండా, ఎదురుగా నిలబడి, ఒకే పద్ధతిలో. అలాంటివి తొమ్మిదో పన్నెండో పక్కపక్కన పెట్టి గోడకి తగిలిస్తే, అన్నీ ఒకేలా ఉన్నాయే అనిపించి, చూడగా చూడగా ఏ రెండూ ఒకేలా లేవని తెలుస్తుంది. నేను అరుగులకి ఆ పద్ధతి పెట్టుకున్నాను. వీధికి అవతలి అంచున నిలబడతాను, కెమెరా నా రొమ్ము ఎత్తున, లెన్సు ఎప్పుడూ 35 మిల్లీమీటర్లదే, జూమ్ చెయ్యను. జనం ఉంటే ఉంటారు, లేకపోతే లేదు, ఎవర్నీ జరగమనను, ఎవర్నీ నవ్వమనను. ఈ రెండోది నాకు చాలా కష్టమైంది. ముప్ఫై ఏళ్ళు "కొంచెం నవ్వండి, గడ్డం కిందకి" అన్న నోరు ఊరికే ఉంటుందా?

అలా వరసగా తీశాక తెలిసిన విషయాలు తీస్తున్నప్పుడు నాకు తెలియవు. గచ్చు మీద మనుషులు కూర్చునే చోట నునుపు, కూర్చోని మూలల్లో గరుకు. కొన్ని అరుగుల మీద పులిజూదం గీతలు మేకుతో గీసి ఉన్నాయి, ఎవరు గీశారో గానీ సున్నం వేసినవాళ్ళు కూడా వాటిని పూడ్చకుండా వదిలేశారు. గోడకి వీపు ఆనే ఎత్తున నూనె మరక ఒక చారలాగా ఉంటుంది, తలలు ఆనే చోట ఇంకోటి. కొలత టేపు లేకుండా ఆ ఇంట్లో మనుషుల పొడుగు చెప్పేయొచ్చు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందుగా పోయేది అరుగే. గోడ దాకా కొట్టేస్తారు, తలుపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, రోడ్డుకి మూడడుగుల ఎత్తులో గాల్లో వేలాడుతూ. ఆ తర్వాత దానికి ఇనప నిచ్చెనో, మూడు సిమెంటు మెట్లో వస్తాయి. ఆ గాల్లో తలుపుల ఫోటోలు నా దగ్గర ఒక కట్ట ఉన్నాయి. అలాగని నేను పాత రోజులే మేలని ఏడ్చే రకం కాదు. మా ఇంటికీ అరుగు లేదు, కారు పెట్టుకునే ర్యాంపు ఉంది. సాయంత్రం ఆరయ్యేసరికి మా వీధిలో ప్రతి ర్యాంపు మీదా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వాలతాయి. అరుగు పోయింది గానీ కూర్చోవడం ఎక్కడికి పోతుంది? కాబట్టి కుర్రాళ్ళు, పాత పెంకుటిల్లు కనపడితేనే కెమెరా తియ్యకండి. అపార్ట్‌మెంట్ గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ, దాని వెనక గోడకి అతని తల ఆని ఏర్పడిన గుండ్రటి మరక, అదీ కట్టడమే.

వెలుగు గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ మన ఊరికి తగ్గట్టు చెప్పరు. యూట్యూబులో చెప్పేవాళ్ళు ఎక్కడో చలిదేశంలో ఉంటారు, అక్కడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణాన పక్కవాటంగా ఉంటాడు. మనం భూమధ్యరేఖకి ఉత్తరాన 18 డిగ్రీల దగ్గరున్నాం. ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారంలోనూ, జులై ఆఖర్లోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదకి వస్తాడు, స్తంభం నీడ స్తంభం కిందే పడుతుంది. ఆ రెండింటి మధ్యా ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనకి ఉత్తరం పక్కనుంచే నడుస్తాడు. అంటే చలికాలమంతా నీడలో మగ్గే ఉత్తరం గోడలకి ఆ రెండున్నర నెలలే పండగ. ఉత్తరం ముఖం ఉన్న భవనం ఏదైనా తియ్యాలంటే డిసెంబరులో చల్లగా ఉంది కదా అని వెళ్ళకండి, దానికి ఒక్క కిరణం తగలదు. జూన్‌లో మబ్బు విడిచిన గంట చూసుకుని వెళ్ళండి. పెళ్ళిళ్ళు లేని నెలలోనే దానికి వెలుగు పెట్టాడు దేవుడు, నాలాంటివాడి కోసం.

ఇంకో చిన్న కిటుకు. పాత మేడల నెత్తిన సిమెంటుతో ఉబ్బెత్తు అక్షరాల్లో పేరూ, కట్టిన సంవత్సరమూ ఉంటాయి. వాటి మీద ఇరవైసార్లు సున్నం పడి, మధ్యాహ్నం చూస్తే ఏమీ కనపడదు, ఒట్టి తెల్లగోడ. కానీ వెలుగు గోడని రాసుకుంటూ పక్కనుంచి వచ్చే వేళ ఒకటుంటుంది, ఒక పావుగంట, అంతకంటే ఉండదు. అప్పుడు ప్రతి అక్షరం అంచునా సన్నటి నీడ పడి పేరు లేచి నిలబడుతుంది. ఒక వీధిలో నేను ఇరవై ఏళ్ళు నడిచి, ఒకరోజు పాలప్యాకెట్ కోసం వెళ్తూ ఆరూ నలభైకి ఒక మేడ పేరు మొదటిసారి చదివాను. ఇప్పుడు ఆ మేడ ముందు మెరిసే రేకు షీట్లు బిగించి, సెల్‌ఫోన్ల కొట్టు బోర్డు పెట్టారు. పేరు లోపలే ఉంది. మన బజారులో చాలా భవనాలకి ముఖాలు లేవు, షీట్లూ ఫ్లెక్సీలే ఉన్నాయి. పండగ అయ్యాక ఫ్లెక్సీలు తీసి, కొత్తవి కట్టడానికి మధ్యలో రెండు రోజులు దొరుకుతాయి. కాచుకుని ఉండాలి.

కోట గురించి అడుగుతారని తెలుసు. 1713లో విజయనామ సంవత్సరం, విజయదశమి, జయవారం అంటే మంగళవారం, విజయరామరాజుగారి పేరు, ఊరి పేరు, ఇలా అయిదు విజయాలు కలిసొచ్చాయని మన పెద్దలు చెప్పుకునే కోట. అరవై ఏళ్ళ లెక్కన సరిగ్గా అయిదు చుట్లు తిరిగి 2013లో మళ్ళీ విజయ వచ్చింది. తూర్పు ముఖం ద్వారం కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి, తొమ్మిది దాటితే రాయి చప్పగా అయిపోతుంది. ఇంతవరకూ అందరూ చెప్తారు. నన్నడిగితే ఖాళీ కోట ఫోటో తియ్యకండి. లోపల ఉన్నది అమ్మాయిల కాలేజీ. గోడ దాదాపు పది మీటర్ల ఎత్తు, యుద్ధం కోసం కట్టింది, దాని ద్వారంలోంచి పుస్తకాల సంచులు, టిఫిన్ క్యారేజీలు, గొడుగులు వస్తుంటాయి. ఆ గొడుగుల పక్కన పెడితేనే గోడ ఎంత ఎత్తో తెలుస్తుంది, లేకపోతే ఫోటోలో అది కాంపౌండ్ గోడలాగే ఉంటుంది. అయితే ఒక్కమాట, కాలేజీ వదిలే వేళకి కెమెరా పట్టుకుని గేటు ముందు నిలబడే మగవాణ్ణి ఎవరైనా ఏమనుకుంటారో అదే అనుకుంటారు, అనుకోవాలి కూడా. ముందు లోపలికి వెళ్ళి అడగండి. ముఖాలు పడకుండా, దూరం నుంచి, గొడుగులు వేసుకున్న వాన రోజున తియ్యండి. కాదంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి, కోటకి ఇంకా చాలా గోడలున్నాయి.

కోట ముందు బొంకుల దిబ్బ. గురజాడవారి నాటకం తెర లేచేది అక్కడే. మన ఊళ్ళో ఒక ఖాళీ స్థలం అంత పేరు తెచ్చుకుంది, భవనం కాదు, దిబ్బ. అక్కడ ఏం తియ్యాలో నాకూ ఇంకా దొరకలేదు, ఇప్పటికి ఓ నలభై సార్లు వెళ్ళుంటాను.

సంగీత కళాశాల త్వరగా చెప్పేస్తాను. 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు, ఘంటసాలగారు అక్కడ చదువుకున్నారు, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. పాట ఫోటోలో పడదు కదా, మరేం తియ్యాలి అని చాలా రోజులు బుర్ర గోక్కున్నాను. గది గుమ్మం ముందు విడిచిన చెప్పులు తీశాను. అందరూ లోపల కింద కూర్చుని పాడుతున్నారు, చెప్పులు బయట జతలు జతలుగా. అంతే.

సిరిమాను, మన పైడితల్లి అమ్మవారి పండగ. విజయదశమి వెళ్ళిన తర్వాతి మంగళవారం. ఆరోజు మన ఊళ్ళో ఎన్ని కెమెరాలుంటాయో లెక్కలేదు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి, ఊరేగే చెట్టు మాను చివర కూర్చున్న పూజారిగారి వైపు. ఆ ఫోటో తీసుకోండి, అమ్మవారికి దణ్ణం పెట్టుకోండి. తర్వాత వెనక్కి తిరగండి. పైడితల్లి గుడి నుంచి కోట దాకా దారికి రెండు వైపులా చూస్తే ఆరోజు భవనాలు కనపడవు, మనుషులే కనపడతారు. రాజకుటుంబం కోట బురుజు మీద కూర్చుని చూస్తుంది, మిగతా ఊరు ఎవరి బురుజు మీద వాళ్ళు, అంటే పిట్టగోడల మీద, నీళ్ళ ట్యాంకుల మీద, ఇంకా స్లాబు పడని పిల్లర్ల మధ్య, బోర్డుల వెనక. మూడొందల అరవై నాలుగు రోజులు తాళం వేసి ఉండే కిటికీలు కూడా తెరుస్తారు, పాత మేడల్లో లోపలి రంగు గోడలు, పంకాలు, పటాలు ఆ ఒక్కరోజే వీధిలోకి కనపడతాయి. మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, కాబట్టి మీకు మూడు అవకాశాలు. నేను మొదటిసారి భక్తుణ్ణి, రెండోసారి పెళ్ళిఫోటోలవాణ్ణి, మూడోసారి మాత్రమే వీపు తిప్పుతాను. పాత పిట్టగోడల మీద మీరు మాత్రం ఎక్కకండి. ఒకసారి నా కాలి కింద ఇటుక కదిలి, కెమెరా కాపాడుకోబోయి మోచెయ్యి చీరుకుపోయింది, అయిదు కుట్లు పడ్డాయి.

ఇప్పుడు మూడో ప్రింటు ఎక్కడుంది? చెయ్యెత్తండి. ఆ, అక్కడే ఉంచండి.

2020 మే నెలలో, పైడితల్లి గుడి ముందున్న మూడు లాంతర్ల పాత కట్టడాన్ని కొట్టేసిన సంగతి మీకందరికీ తెలుసు. ఎవరిది తప్పు, ఎవరేమన్నారు అన్నది ఈ సభలో వద్దు, అప్పుడు సరిపడా అనుకున్నారు. లాక్‌డౌన్ రోజులు, ఇంట్లోనే ఉన్నాను. ఎవరో ఫోన్ చేసి, "మీ దగ్గర మూడు లాంతర్ల మంచి ఫోటో ఉంటుంది కదా, పంపండి" అన్నారు. ఉంటుంది అనేశాను ధీమాగా. పెట్టెలన్నీ తీశాను. నెగెటివ్‌లు, సీడీలు, హార్డ్ డిస్కులు, నాలుగు రోజులు వెతికాను. ఒక్కటి లేదు. రోజూ దాని పక్కనుంచే ల్యాబ్‌కి వెళ్ళేవాణ్ణి. కోటలో ఉండే మోతీ మహల్ విషయంలోనూ ఇంతే, అది పోయాక గుర్తొచ్చింది దాన్ని సరిగ్గా తియ్యలేదని. దూరపు ఊళ్ళ గుళ్ళూ గోపురాలూ రోల్స్ రోల్స్ తీశాను, ఇంటిముందున్నది రేపు తియ్యొచ్చులే అనుకున్నాను.

అయిదో రోజు మా అమ్మాయి అంది, "నాన్నా, పెళ్ళి ఫోటోల్లో చూశావా?" అని.

ఊరేగింపులు ఎటునుంచి పోతాయి? అమ్మవారి గుడి ముందునుంచి పోతాయి. నేను బ్యాండ్ మేళం ముందు వెనక్కి నడుస్తూ తీస్తుంటాను, పెళ్ళికొడుకు ముఖం మీద ఫ్లాష్ పడుతుంది, వాడి భుజం వెనక ఊరు. మూడు వందల పైగా పెళ్ళిళ్ళు తిరగేస్తే పద్నాలుగింట్లో మూడు లాంతర్లు దొరికాయి. కొన్ని మసక, కొన్నిట్లో సగం తెగింది. ఆ ప్రింటులో ఉన్నది అన్నిటికంటే బాగా వచ్చింది. పెళ్ళికొడుకు కాస్త కదిలిపోయాడు, అందుకే అప్పట్లో ఆల్బమ్‌లో పెట్టలేదు, పక్కన పడేశాను. వెనకాల చూడండి, కట్టడం మొదట్లో పూలబుట్ట పెట్టుకుని ఒకావిడ కూర్చుని మాల కడుతోంది. పక్కన ఇద్దరు ముసలాళ్ళు. మేళం చెవులు బద్దలు కొడుతున్నా వాళ్ళు ఇటు చూడ్డం లేదు, రోజూ చూసే పెళ్ళిళ్ళేగా. నేను వాళ్ళని జరగమనలేదు, ఎందుకంటే నేను వాళ్ళని చూడనేలేదు. ముసలమ్మని లేపి పంపించి కావాలని తీసిన గోడ ఫోటో దండగైంది, చూడకుండా తీసిన ఇది మిగిలింది.

పారిస్‌లోనే అట్జే అని ఇంకొక ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1857లో పుట్టి 1927లో పోయాడు. తన పని గురించి బోర్డు పెట్టుకున్నాడు, 'చిత్రకారులకి కావలసిన ఆధారాలు' అని, కళ అని కాదు. మన స్టూడియో బోర్డు లాంటిదే, పొట్టకూటి పని. బరువైన చెక్క కెమెరా, గాజు ప్లేట్లు మోసుకుంటూ పాత పారిస్ కొట్లు, గుమ్మాలు, మెట్లు, సందులు ముప్ఫై ఏళ్ళపాటు తీశాడు, వేలకి వేలు. ప్రతిదానికీ నంబరు, ఏ వీధి, ఏ ఇల్లు అని రాసుకున్నాడు. ఇప్పుడు పాత పారిస్ ఎలా ఉండేదంటే ముందు ఆయన ఫోటోలే తీస్తారు. నేను రాసుకోలేదు. పెళ్ళివారి ఇంటిపేరు, ఇచ్చిన అడ్వాన్సు రాసుకున్నాను.

అందుకని ఇక్కడున్న పెళ్ళి ఫోటోగ్రాఫర్లకి ఒక పని చెప్తాను. పాత డిస్కులు చెరిపెయ్యకండి. కస్టమరు వద్దన్న ఫోటోలు, కదిలిపోయినవి, ఎవరో అడ్డొచ్చినవి, అవి ముందు చూడండి. ముఖాలు వదిలేసి వెనకాల చూడండి. సినిమా హాలు, సోడా కొట్టు, ఎస్టీడీ బూత్, కొట్టేసిన అరుగు, దొరికినదల్లా ఒక ఫోల్డర్‌లో వేసి, ఏ వీధి, ఏ ఏడు, కెమెరా ఏ వైపు చూస్తోంది అని మూడు ముక్కలు రాయండి. ముఖాలు ఎవరివో వాళ్ళని అడక్కుండా బయట పెట్టకండి, అది వాళ్ళ పెళ్ళి. వెనకున్న ఊరు మాత్రం అందరిదీ.

రేపు పొద్దున్న వచ్చేవాళ్ళు ఆరుకల్లా గంటస్తంభం దగ్గరికి రండి. ఫోన్ చాలు. టీ నేను ఇప్పిస్తాను, డాబాకి లుంగీ మాత్రం మీరే కొనుక్కోవాలి. మొదటి గంట ఎవరూ ఫోటో తియ్యకూడదు, ఎక్కడో ఒకచోట కూర్చోవాలి, ఎవరైనా లేపితే ఎందుకు లేపారో చూసుకుని ఇంకోచోట కూర్చోవాలి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఈలోగా ప్రింట్లు ఇటు పంపించండి. గంటస్తంభం వచ్చింది, అరుగు వచ్చింది. మూడోది? నాలుగో వరసలో ఎవరో ఇంకా దాంట్లో పెళ్ళికొడుకుని చూస్తున్నారు. తెలిసినవాడా? మీ మావయ్యా? (నవ్వులు) అయితే బాబూ, మీ మావయ్యగారికి చెప్పు, ఆల్బమ్‌లో పెట్టని ఫోటో ఒకటి నా దగ్గరుంది, డబ్బులక్కర్లేదు, కాపీ ఒకటి తీసుకెళ్ళమను. అలాగే ఆయన వెనక పూలు కడుతున్నావిడ ఎవరో ఆయనకేమైనా తెలుసేమో అడుగు.